స్తోత్రం అనకూడని సాయంత్రం

నా చిన్నప్పుడు దేవుడంటే నాకు భయం ఉండేది కాదు, విసుగు ఉండేది. ఈ మాట ఇప్పుడు మా సంఘంలో అంటే పెద్దావిడకి మతి పోయిందనుకుంటారు. కానీ నిజం అదే. పదేళ్ళ పిల్ల చేత ఎనిమిది నెలలు రోజూ ఒకే సంగతి అడిగించి, జవాబు ఇవ్వకపోతే ఆ పిల్లకి విసుగు రాక ఏమొస్తుంది?

నాన్నకి అమెరికాలో, జెర్సీ సిటీలో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ బడులు సెప్టెంబరులో తెరుస్తారని నన్ను ముందుగా తన వెంట తీసుకొచ్చారు. అమ్మ గుంటూరు దగ్గర టీచరు. ఉద్యోగం నుంచి రిలీవ్ అయి, క్రిస్మస్‌కల్లా వచ్చేస్తానంది. క్రిస్మస్ వెళ్ళిపోయింది, మంచు కురిసి కరిగింది, అమ్మ రాలేదు. ఎందుకు రాలేదని ఎన్నిసార్లు అడిగినా నాన్న "వీసా ప్రాసెసింగ్‌లో ఉందమ్మా, ప్రార్థన చెయ్యి" అనేవారు. ఆయనకి జడ వెయ్యడం రాదు. రెండు నెలలు తంటాలు పడి, చివరికి నా జుట్టు మెడ దాకా కత్తిరించేశారు. ఆ కోపం కూడా నేను దేవుడి మీదే పెట్టుకున్నాను.

మా కింది అంతస్తులో ఒక ఆంటీ ఉండేవారు. హాస్పిటల్లో నర్సు, మాకంటే చాలా ఏళ్ళ ముందు వచ్చినావిడ. ఆ రోజుల్లో దగ్గర్లో తెలుగు చర్చి లేదు. మా ముగ్గురిదే సంఘం అన్నమాట. సాయంత్రం ఆరున్నరకి ఆంటీ ఇంట్లో ప్రార్థన. గోడ మీది కేలండరులో ఆ రోజుకి వేసిన వాక్యభాగం ఒకరు చదవాలి, దాని మీద రెండు మాటలు చెప్పాలి, ఆపైన వరసగా ముగ్గురం మోకరించి ప్రార్థన చెయ్యాలి. నేను తెలుగు చదవడం మరిచిపోకుండా ఉన్నది ఆ వాక్యభాగాల వల్లే.

నాన్న ప్రార్థన మహా గంభీరంగా ఉండేది. మహోన్నతుడా, సర్వశక్తిమంతుడా అని మొదలై, మా మార్గంలోని అడ్డంకులను తొలగించుము అనే చోటికి వచ్చేసరికి నా కాళ్ళు తిమ్మిరెక్కేవి. ఏ అడ్డంకి? ఎక్కడుంది? ఎవరు పెట్టారు? ఒక్కరోజు కూడా చెప్పలేదు. నేనూ తక్కువ తినలేదు. ఆయన మాటలే చిలకలా అప్పజెప్పి, చివర్లో అమ్మని చేర్చి ఆమేన్ అనేదాన్ని.

ఏప్రిల్లో, ఈస్టర్‌కి ముందు, అమ్మ దగ్గర్నుంచి పార్సిల్ వచ్చింది. తను స్వయంగా కుట్టిన తెల్ల గౌను. తొడుక్కోబోతే భుజాల దగ్గరే ఆగిపోయింది. అమ్మ దగ్గరున్నవి పోయిన వేసవి కొలతలు. ఆ గౌను మంచం మీద పడేసి, కింది ఇంటికి వెళ్ళాను.

ఆ రోజు చదివే వంతు నాది. దేవుణ్ణి నిలదీసే కీర్తన ఒకటి వచ్చింది. రాసినాయన ఎక్కడా మొహమాటపడలేదు. నన్ను మరిచిపోయావా, నీ ముఖం ఎందుకు దాచుకున్నావు అని మొహం మీదే అడిగేశాడు. చదివి, బైబిలు మూసేశాను. దాని మీద రెండు మాటలు చెప్పమన్నారు నాన్న.

"ఈయన అడిగితే కీర్తన, నేను అడిగితే తప్పా? ఇవాళ నేను ప్రార్థన చెయ్యను" అన్నాను.

"సిస్టర్ ఎదురుగా ఏంటా మాటలు? సారీ చెప్పు" అన్నారు నాన్న. ఆయన ముఖం కందిపోయింది.

ఆంటీ నాన్న వైపు తిరిగారు. "బ్రదర్, ఇవాళ నేనొక రూల్ పెడుతున్నా" అన్నారు. "స్తోత్రం లేదు, మహోన్నతుడా లేదు, నీ చిత్తం లేదు. పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాలి. ఫస్ట్ నేను." వెంటనే కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, మా హెడ్ నర్సుని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆవిడ కోసం ప్రే చెయ్యమంటావు. నాకు చెయ్యబుద్ధి కావట్లేదు. ఏం చేస్తావో నువ్వే చెయ్యి. ఆమేన్."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే నా వంతు మొదలుపెట్టాను. "గౌను పట్టలేదు. మా అమ్మకి నా కొలతలు తెలియట్లేదు. నువ్వు ఇంకా లేట్ చేస్తే తనకి నేనే తెలియను" అన్నాను. ఆమేన్ అనకుండానే ఏడ్చేశాను.

నాన్న వంతు వచ్చింది. ఒకసారి "మహో" అని ఆగిపోయారు. తర్వాత ఇంట్లో మాట్లాడే గొంతుతో "తప్పు నాది ప్రభువా" అన్నారు. అమ్మకి బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. పెళ్ళప్పుడు చర్చి రిజిస్టరులో బాప్తిస్మం పేరే రాయాలని పట్టుబట్టింది ఈయనేనట. పాస్‌పోర్టులో ఉన్నది బడి పేరు. పెళ్ళి సర్టిఫికెట్‌లో ఉన్న మనిషీ ఈ మనిషీ ఒకరేనని ఋజువేదని వీసా దగ్గర అడిగారట. ఆ సంగతి డిసెంబరులోనే తెలిసింది. పాస్టరుగారికి ఉత్తరం రాస్తే జవాబు లేదు. ఇంకొకరికి చెబితే చదువుకున్నవాడివి ఇది కూడా చూసుకోలేదా అంటారని సిగ్గుపడి ఊరుకున్నారు. ఇదంతా కళ్ళు మూసుకుని దేవుడికే చెబుతున్నారు.

ఆంటీ ఆమేన్ దాకా ఆగలేదు. "అయ్యో బ్రదర్! నాకూ రెండు పేర్లేనండీ! నా పేపర్సు కూడా ఇలాగే ఆగాయి. ఇద్దరూ ఒకరేనని అక్కడ నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాలి, చర్చి నుంచి ఒక లెటర్ జత చెయ్యాలి, అంతే. డిసెంబర్ నుంచి రోజూ నా పక్కనే మోకరించారు కదండీ!"

మరునాడే ఆంటీ తన పాత అఫిడవిట్ వెతికి తీశారు. దాని ప్రకారం అక్కడ అమ్మ కాగితాలు చేయించుకుంది. జూలైలో వచ్చింది. నేను ఆమె భుజం దాకా ఎదిగి ఉన్నాను. విమానాశ్రయంలో నన్ను చూసి ఒక్క క్షణం తడబడింది. ఆ క్షణానికి నేను ఎవరినీ క్షమించలేదు.

తర్వాత నాన్న ఎక్కడ సాక్ష్యం చెప్పినా, దేవుడు అడ్డంకులు తొలగించాడనే చెప్పేవారు. వింటుంటే నాకు చిర్రెత్తుకొచ్చేది. దేవుడి మీద నా కోపం మాత్రం ఆ సాయంత్రమే పోయింది. పాపం ఆయనేం చేస్తాడు? జవాబు తెలిసిన మనిషిని రోజూ ఆరున్నరకి మా పక్కనే మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. మేమే పెద్దపెద్ద మాటల వెనక దాక్కున్నాం.

ఇప్పుడు నేనుండేది న్యూజెర్సీలోనే, పిస్కాటవేలో. మా తెలుగు సంఘం పొద్దున్నే ఫోన్లో కలుసుకుంటుంది. వాక్యం చదివి, రెండు మాటలు చెప్పుకుని, ప్రార్థన చేసుకుంటాం. అందులో రోజుకొకరు "ఒక అన్‌స్పోకెన్ రిక్వెస్ట్ ఉందండీ" అంటారు. చెప్పని విన్నపం! ఆ మాట విన్నప్పుడల్లా ఫోన్లో నుంచి వెళ్ళి జబ్బ పట్టుకుని కుదపాలనిపిస్తుంది.

కానీ ఈ మధ్య నా వంతు వచ్చినప్పుడు, "నా ఆరోగ్యం విషయమై" అని నేనూ అదే దారి పట్టబోయాను. సిగ్గేసింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. "ప్రభువా, నాకు చూపు తగ్గింది. డాక్టరు డ్రైవింగ్ మానెయ్యమన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా నా కారు నేను నడుపుకున్నాను. చర్చికి తీసుకెళ్ళమని ఇంకొకరిని అడగాలంటే నాకు చచ్చేంత కోపంగా ఉంది" అన్నాను.

ఆమేన్ అనకముందే ఎవరో అన్‌మ్యూట్ చేశారు. "ఆంటీ, మాది మీ వెనక వీధే. సండే నేను పికప్ చేసుకుంటా" అంది ఒకమ్మాయి.

ఆ అమ్మాయి మంచిదే. డ్రైవింగే, కూర్చున్నవాళ్ళకి గుండె దడ. ఆ సంగతి కూడా ప్రభువుకి రోజూ మామూలు మాటల్లోనే చెబుతున్నాను, ఆ అమ్మాయికి వినబడేలా.