అమ్మ ఎత్తుకునే పాట

ధవళేశ్వరం దగ్గర మా ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది మా అమ్మే. కీబోర్డు కొన్నాక కూడా ఆ అలవాటు పోలేదు. పల్లవి ఒకసారి అమ్మ ఒక్కతే పాడుతుంది, తరవాత అందరూ అందుకుంటారు. మా పాటల పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం, తాళం పేర్లు అచ్చేసి ఉంటాయి. అమ్మ వాటి వంక చూసిన పాపాన పోలేదు.

నేను కవితలు, వ్యాసాలు రాస్తాను. నాలుగేళ్లు సంగీతం నేర్చుకుని, ఆ నాలుగేళ్లకే కాస్త తల ఎగరేశాను. మన పాటల్లో మనం ఎవరమో వెతుకుతానంటూ ఒక పెద్ద వ్యాసం రాశాను. మా చర్చిలో ఒక కీర్తనను పుస్తకంలో ఉన్న రాగంలో కాకుండా తరాలుగా తప్పు పాడుతున్నారని అందులో ఒక ముక్క. రాజమండ్రిలో ఒక సభలో చదివాను. అమ్మ ముందు వరసలో కూర్చుని వింది, అందరితో పాటు చప్పట్లు కూడా కొట్టింది.

తిరుగు బస్సులో అడిగింది. "ఆ తప్పు నాదేగా?"

"అందరిదీనమ్మా," అన్నాను నవ్వేస్తూ.

"అందరికీ ఎత్తి ఇచ్చేది నేనేగా."

ఆ ఆదివారం అమ్మ పాట ఎత్తుకోలేదు. గొంతు బాగోలేదండి అని పాస్టరు అయ్యగారికి చెప్పింది. పై వారమూ అంతే. ఇంట్లో గోంగూర వలుస్తూ కూడా కూనిరాగం తీయడం మానేసింది. ఆ వంటింట్లో నాకు కాలు నిలవలేదు.

"ఆ వరస నీకెక్కడిదమ్మా?" అని అడిగాను చివరికి. నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

"మీ అమ్మమ్మది. ఆవిడకి చదువు రాదు కదా. చర్చిలో మాటలు విని గుర్తు పెట్టుకునేది. నాట్లేసేటప్పుడు వాళ్లు పాడుకునే వరస ఒకటుండేది, అందులో పెట్టి పాడేది. చేలో అందరికీ అదే వచ్చేసింది. ఇంక చర్చిలో మాత్రం వేరేగా ఎలా పాడతారు?"

నాకు సిగ్గేసింది. ఇన్ని పేజీల్లో నేను వెతుకుతున్నది మా ఇంట్లోనే ఉంటే, దాన్ని పట్టుకుని తప్పని రాశాను.

మూడో ఆదివారం అయ్యగారు సరిగ్గా ఆ కీర్తన నంబరే చెప్పారు. ఎవరూ ఎత్తుకోలేదు. కీబోర్డు వాయించే ఆయన అమ్మ వైపే చూస్తున్నాడు. నేనే లేచి, అమ్మమ్మ వరసలో మొదలుపెట్టాను. కంగారులో శ్రుతి బాగా పైకి పోయింది. పల్లవి సగంలోనే గొంతు చీలింది.

అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అంత పైన ఎత్తుకుంటే పెద్దాళ్లు ఎలా అందుకుంటారే," అని గొణిగి, తను లేచి, రెండు మెట్లు దించి మొదటి నుంచి ఎత్తుకుంది.

నేను పుస్తకం మూసి, ఆవిడ వెనకాలే అందుకున్నాను.