కత్తుల మీద లేని పేరు

1984 వసంతం. మిషిగన్‌లో నోవై దగ్గర ఒక హీట్ ట్రీట్ షాపులో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. కార్ల కంపెనీలకు గేర్లు, షాఫ్టులు చేసేవాళ్లు వాటిని మెత్తటి ఉక్కుతో చేసి మాకు పంపేవారు. మేం వాటిని ఫర్నేస్‌లో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచేవాళ్లం. దాన్ని క్వెంచ్ అంటారు. అలాగే వదిలేస్తే ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది కాబట్టి మళ్లీ తక్కువ వేడి మీద కాసేపు ఉంచుతాం. అది టెంపర్. అన్నీ అయ్యాక నా వంతు. రాక్‌వెల్ టెస్టర్ అనే యంత్రం వజ్రపు మొనను ఉక్కులోకి నొక్కుతుంది. మొన ఎంత లోతుకి దిగిందో చూసి గట్టిదనాన్ని అంకెలో చెబుతుంది. పరీక్ష చేసిన చోట ఆవగింజలో సగమంత గుంట మిగిలిపోతుంది.

రిపోర్టు నేనే టైపు చేసేదాన్ని. కింద సంతకం మాత్రం ఫోర్‌మన్‌ది. ఆరేళ్లుగా అలాగే నడిచింది, నాకెప్పుడూ తప్పు అనిపించలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

నాకు కత్తులు చేయడం నేర్పింది వాల్టర్. ఫ్యాక్టరీల అచ్చులు చేసే డై మేకర్‌గా రిటైరై, వేటగాళ్ల కత్తులు చేసుకునే పెద్దాయన. తన బ్లేడ్లు హీట్ ట్రీట్ చేయించుకోవడానికి మా షాపుకి వచ్చేవాడు. ఒకసారి నేను కొలిచిన అంకె చూసి, టెంపర్ ఇంకో ఇరవై డిగ్రీలు తగ్గిస్తే అంచు ఎక్కువకాలం నిలుస్తుందని చెప్పాను. నా మాట విన్నాడు, ఫలితం చూశాడు. ఆ తర్వాత శనివారాలు తన గరాజ్‌లో ఉక్కుని అరగదీసే గ్రైండర్ ముందు నన్ను నిలబెట్టాడు. గుంటూరులో కెమిస్ట్రీ చదివిన నాకు గ్రైండర్ అంటే పిండిమిషనే. అంచు తీయడం వచ్చేసరికి ఒక చలికాలం, రెండు వేళ్ల చర్మం ఖర్చయ్యాయి.

మొదటి కత్తి మా ఇంటికే చేసుకున్నాను. రెండోది రత్నకుమారి గారికి. ఆవిడ మా తెలుగు చర్చిలో అందరికీ పెద్దక్క. ఊరినుంచి కత్తిపీట తెచ్చుకున్నారు గానీ, అమెరికా వంటింట్లో కింద కూర్చుంటే స్టవ్ నెత్తిమీదుంటుంది.

“ఏందమ్మాయ్ సుగుణా, ఈ షాపు కత్తులతో గోంగూర కూడా తెగట్లా. నలుగుతుందంతే. కత్తిపీటకున్న ఆ వంపు చేతిలో పట్టుకునే కత్తికి రాదంటావా?” అని అడిగారు.

వచ్చింది. కత్తిపీట వంపుతో, పొట్టి పిడితో చేసిచ్చాను. ఆ ఆదివారం ఆవిడ చేప కోసి తెచ్చిన పులుసు తిన్నాక, చర్చిలో ఆడవాళ్లందరూ నా వెంట పడ్డారు. ఒక్కొక్కరికీ చేసిచ్చి, మన స్టీలు గిన్నెల మీద కొట్టించినట్టే చుక్కలు చుక్కలుగా వాళ్ల పేరు తెలుగులో కొట్టిచ్చేదాన్ని. విందుల్లో సామాను కలిసిపోతే ఎవరిది వాళ్లు వెతుక్కోవాలి కదా. మా ఇంటి కత్తి మీద ‘ప్రభాకర్’ అని కొట్టాను. మా ఇంట్లో పళ్లెం నుంచి మరచెంబు దాకా అన్నిటిమీదా మా ఆయన పేరే. చేసినదాని పేరు వేయాలన్న ఆలోచన కలలో కూడా రాలేదు.

ఆ వసంతంలో ఒహాయోలో చుట్టుపక్కల రాష్ట్రాల్లో కత్తులు చేసేవాళ్లంతా వచ్చే నైఫ్ షో ఉందని, అందులో నేనూ ఒక టేబుల్ తీసుకోవాలని వాల్టర్ పట్టుబట్టాడు. నాకు రెండు వారాలు నిద్ర సరిగా పట్టలేదు. తెలిసినవాళ్లకి చేసివ్వడం వేరు, ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు పరిచి అమ్మడం వేరు. వాళ్లు తిప్పిచూసి కింద పెట్టేస్తే? మా ఆయన ప్రభాకర్ ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. గొడవంటే ఆమడ దూరం పారిపోయే మనిషి.

“సరదాకి చేసుకుంటున్నావు, బాగానే ఉంది. అమ్మకం మొదలుపెడితే లేనిపోని తలనొప్పులు కదా?” అన్నారు.

“నా పని మంచిదో కాదో ఈ పని తెలిసినవాళ్లే చెప్పాలండీ. చర్చిలో వాళ్లు నా మీద ప్రేమతో కూడా మెచ్చుకుంటారు” అన్నాను.

చెప్పాక నాకే అర్థమైంది, నాకు కావలసింది అమ్మకం కాదని. ఇది చేతనైన పని అని ఆ పని చేసేవాళ్ల నోట వినాలి. అందుకే ఒప్పుకున్నాను. అమ్మడానికి ఎనిమిది కొత్తవి చేశాను. వాడాక ఎలా ఉంటాయో చూపించడానికి చర్చి ఆడవాళ్ల దగ్గర ఐదు పాతవి అరువు తెచ్చి, మా ఇంటిది కలిపి ఆరు చేశాను. కొత్తవాటి మీద పేర్లు లేవు. ఎవరు కొంటారో తెలియకుండా ఎవరి పేరు కొట్టను? బుద్ధిగా ఎన్‌గ్రేవర్ కూడా సంచిలో పెట్టుకున్నాను, కొన్నవాళ్ల పేరు అక్కడే కొట్టిద్దామని.

షో ఒక ఫెయిర్‌గ్రౌండ్ హాల్లో. లోపలంతా తోలు వాసన, నూనె వాసన. ఆడవాళ్లు లేకపోలేదు, అందరూ టేబుళ్ల వెనక కుర్చీల్లో కూర్చుని స్వెట్టర్లు అల్లుతున్నారు. వచ్చినవాళ్లు కత్తికోసం చెయ్యి చాపేవారు. కత్తి చేతికివ్వకూడదని చిన్నప్పటినుంచి విన్నదాన్ని, నేను టేబుల్ మీద పెట్టేదాన్ని. “పొగరనుకుంటారు సుగుణా, చేతికియ్యి” అని మా ఆయన గొణిగారు. అది పక్కన పెడితే, ఇద్దరు ముగ్గురు ఆ వంపు చూసి ఆగారు. ఒకాయన కాగితం కోసి చూసి ఈల వేశాడు. నా గుండె అప్పుడే కాస్త కుదుటపడుతోంది.

అంతలో షో నిర్వాహకుల్లో ఒకాయన వచ్చాడు. జాకెట్ నిండా బ్యాడ్జీలు. అక్కడి నియమం ఏమిటంటే, టేబుల్ మీద ఉన్నదంతా ఆ మేకర్ సొంత చేతులతో చేసిందై ఉండాలి. ఎక్కడినుంచో కొనితెచ్చి అమ్మకూడదు. మంచి నియమమే, నేను కాదనను. ఆయన వాడిన కత్తి ఒకటి తీసి, “ఇదేం రాత?” అని అడిగాడు.

“మా భాష. తెలుగు. ఇది రత్నకుమారి అని.”

“రత్నకుమారి మీరేనా?”

“కాదండీ.”

ఇంకోటి తీశాడు. “ఇదో?”

“సరోజిని.”

“అది మీరా?”

“కాదు.”

అలా ఆరు కత్తులూ ఒక్కొక్కటే చదివించాడు. నేను బడిపిల్లలా చదివాను. ఆరింటిమీదా ఆరు పేర్లు, ఒక్కటీ నాది కాదు. తర్వాత కొత్తవి తిరగేశాడు. వాటిమీద అసలు పేరే లేదు.

“అమ్మా, మేకర్ ఎవరైనా తన కత్తి మీద తన పేరు వేసుకుంటాడు. ఇవి ఇండియాలో ఎవరెవరో చేసినవి. సూట్‌కేసులో తెచ్చారు. అవునా?” అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పడం మొదలుపెట్టాను. ఇవి వాడుకునేవాళ్ల పేర్లని, మా వాళ్లు గిన్నెల మీద కూడా ఇలాగే వేయించుకుంటారని, నేను ఫలానా షాపులో పనిచేస్తానని. ఆయన తల ఊపాడు. వినేవాళ్ల ఊపు కాదది, ఎప్పుడు ఆపుతావా అని చూసేవాళ్ల ఊపు. నా మాట పూర్తి కాకముందే మా ఆయన వైపు తిరిగాడు.

“సర్, మీ పేరు?”

“ప్రభాకర్.”

ఆయన మొహం విప్పారింది. ఇందాక నేనే చదివి వినిపించిన మా ఇంటి కత్తి పైకెత్తాడు. “ఇదిగో, దీనిమీద ఉన్నది మీ పేరే! ఈ మాట ముందే చెప్పొచ్చుగా. ఇవి చేసింది మీరేనా?”

నేను మా ఆయన మొహంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

“యెస్” అన్నారు.

అంతే. గొడవ ముగిసింది. బ్యాడ్జీల ఆయన జేబులోంచి కార్డు తీసి మేకర్ అన్నచోట మా ఆయన పేరు రాసి, టేబుల్ మీద నిలబెట్టి, కరచాలనం కూడా చేశాడు. నేను అరగంట చెప్పి చేయలేని పని మా ఆయన ఒక్క ముక్కలో చేసేశారు. సొమ్మొకడిది సోకొకడిది అని సామెత వినడమే గాని, కళ్లెదురుగా కార్డు మీద రాసిపెట్టగా చూడటం అదే మొదలు.

“పోనీలే సుగుణా, పనైపోయిందిగా. మనిద్దరిలో ఎవరైతే ఏంటి?” అని తెలుగులో మెల్లగా అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరైతే ఏంటా? ఆ గరాజ్‌లో వేళ్లు చెక్కుకుపోయింది ఎవరికి? కార్డు తీసి బోర్లా పెట్టాను.

“మా ఆయన్ని ఒక్కటి అడగండి. ఈ బ్లేడ్ టెంపర్ ఎంత వేడి మీద చేశాడో చెప్పమనండి” అన్నాను, హాల్లో నాలుగు టేబుళ్లకు వినపడేలా.

మా ఆయన బూట్ల వంక చూసుకున్నారు.

ఒక కత్తి తిప్పి పిడి దగ్గరున్న చిన్న గుంట చూపించాను. “ఇది టెస్టర్ గుర్తు. మా ల్యాబ్‌లో నేను పెట్టింది. ఈ నోట్‌బుక్‌లో ప్రతి కత్తికీ నంబరు, అంకె ఉన్నాయి, రాత నాది. మీ దగ్గర టెస్టర్ ఉంటే తెప్పించండి, ఇప్పుడే చూద్దాం.”

బ్యాడ్జీల ఆయన నోట్‌బుక్ వైపు చూడనైనా లేదు. అప్పటికి అవతలి వరసలో ఉన్న వాల్టర్ గోల విని వచ్చాడు. “ఆవిడే చేసింది. నా గరాజ్‌లో, నా కళ్లముందు” అన్నాడు. రెండే ముక్కలు. బ్యాడ్జీల ఆయన వెంటనే, “ఓ, అలాగా! నువ్వు చెబితే సరే వాల్టర్” అన్నాడు. నన్ను అబద్ధాలకోరుని చేసినంతసేపు పట్టలేదు, నిజాయితీపరురాలిని చేయడానికి. కానీ ఆ మాట కూడా వాల్టర్‌తో అన్నాడు, నాతో కాదు. క్షమించమని మాట వరసకైనా అనలేదు.

“నియమం నియమమే. ప్రతిదాని మీదా మీ పేరు వేయండి, హాయిగా అమ్ముకోండి” అని మాత్రం నాతో అన్నాడు.

సంచిలోంచి ఎన్‌గ్రేవర్ తీశాను. ఊళ్లో వాళ్లందరి పేర్లూ కొట్టిన చెయ్యి తన పేరు దగ్గరికి వచ్చేసరికి మొదటి అక్షరం వంకర తీసింది. ఎనిమిది కత్తుల మీద ఎనిమిదిసార్లు ‘సుగుణ’ అని కొట్టాను. ఇందాక ఈల వేసినాయన అక్కడే నిలబడి, “ఒకటి నేను తీసుకుంటాను” అన్నాడు.

“క్షమించాలి. ఈరోజు అమ్మడం లేదు” అన్నాను.

కత్తులన్నీ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను. వాల్టర్ బతిమాలాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించానని నాకూ తెలుసు. పాపం ఆ ఈల ఆయన చేసిన తప్పేమీ లేదు. కానీ నా మాట నమ్మని చోట నా కత్తి అమ్మడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పటికీ ఒప్పదు.

కార్లో ఇంటికి వస్తూ టొలీడో దాటాం. తర్వాత మా ఆయనే అన్నారు. “నిన్ను అలా నిలదీస్తున్నాడని భయమేసింది. నేను ఒప్పుకుంటే వదిలేస్తాడనుకున్నా.”

“నన్ను వదిలేశాడు కదండీ, నిజంగానే” అన్నాను.

మర్నాడు చర్చిలో కత్తులు తిరిగిచ్చేటప్పుడు రత్నకుమారి గారు సంగతంతా విని మా ఆయన్ని అక్కడే పట్టుకున్నారు. “ఏం ప్రభాకరూ, సండే స్కూల్లో పిల్లకాయలకి అబద్ధసాక్ష్యం చెప్పొద్దని పాఠం చెప్పేది నువ్వేగా?” ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు కాస్త చల్లబడింది, అబద్ధమెందుకు.

కానీ నా కోపంలో ఒక వాటా నాకూ రావాలి. ఆ పెద్దమనిషికి సాక్ష్యం దొరికింది నేను కొట్టిన చుక్కల్లోనే. వాడుకునేవాళ్ల పేరు వేయడం మనకు మర్యాద, ఆ మర్యాద నేనిప్పటికీ మానలేదు. దాని పక్కన చేసినదాని పేరుకి చోటు వదలకపోవడం నా తప్పు.

సోమవారం షాపులో గేర్ల లోడ్ ఒకటి పరీక్షకి వచ్చింది. కొలిచాను, రిపోర్టు టైపు చేశాను, ఫోర్‌మన్ సంతకానికి పైన నా పేరు పూర్తిగా రాసి నేనూ సంతకం పెట్టాను.

“ఇదేమిటి సూ?” అన్నాడాయన. నా పేరు నోరు తిరక్క అలా కుదించుకున్నాడు.

“పరీక్ష చేసిన మనిషి పేరు. సూ కాదు, సుగుణ. మీది కూడా పెట్టండి, కింద చోటుంది.”

పెన్ను తీసుకుని కింద తన సంతకం పెట్టాడు. ఆ షాపు వదిలేదాకా నా రిపోర్టులన్నీ రెండు పేర్లతోనే వెళ్లాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలకి క్వెంచ్, టెంపర్ కంటే ముందు నేను చెప్పేది ఇదే. నువ్వు కొలిచావా, అయితే నీ పేరు రాయి.

మా ఇంటి కత్తి మీద ప్రభాకర్ పేరు అరగదీసేస్తానని ఆ వారమే అన్నాను.

“వద్దు, ఉండనీ. దాని కింద నీ పేరు వెయ్యి” అన్నారు మా ఆయన.

వేశాను. మరుసటి ఏడాది ఇంకో ఊళ్లో షో జరిగితే వెళ్లాం. ఫారంలో మేకర్ అన్నచోట నేనే రాశాను. పెట్టెలు మోసుకొస్తున్న మా ఆయన్ని ద్వారం దగ్గర ఎవరో ఆపి, “ఇవి మీరు చేశారా?” అని అడగడం వినపడింది. నేను టేబుల్ మీద గుడ్డ పరుస్తున్నదాన్ని ఆగిపోయాను.

“నో సర్. నేను ఉల్లిపాయలు కోస్తాను. చేసేది ఆవిడ” అన్నారు మా ఆయన.