రెండోసారికీ మూడోసారికీ మధ్య

దసరా సెలవులు దగ్గరపడుతున్న రోజుల్లో, కరీంనగర్‌లో మధ్యాహ్నం క్లాసు ముగించుకుని వరండాలోకి వచ్చేసరికి అత్తమ్మ ఫోన్ చేసింది. “మీ మామ పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ తాగి, జర ఒరుగుత అన్నడు. మళ్ల లేవలే” అంది. ఏడుపు లేదు. ఆ వెంటే, “మక్కలు ఎండవోసినం, మబ్బు పట్టింది, ఎవలన్న ఎత్తాలె” అంది. బస్సు కోసం నిలబడినంతసేపూ నేను ఆ మక్కల గురించే, ఆరబోసిన ఆ మొక్కజొన్న గింజల గురించే ఆలోచించాను. దుఃఖం లోపలికి రావడానికి ముందు మనసు ఏదో ఒక పని వెతుక్కుంటుందేమో. నాకు తెలియదు.

మామ అంటే మా అమ్మకు అన్న. సుల్తానాబాద్ దగ్గరి పల్లె మాది. ఆయన మార్కెట్ యార్డులో వడ్లు, మక్కలు, పత్తి రాశుల దగ్గర పాట పెట్టేవాడు. అంటే రైతు పోసిన రాశి పక్కన నిలబడి, చుట్టూ చేరిన వ్యాపారుల చేత ధర పలికించేవాడు. వయసు మళ్లాక ఆ కొలువు పోయింది కానీ, మా గుడిలో, అంటే చర్చిలో, ఏటా కోత పండుగ నాటి వేలం మాత్రం ఆయనదే. మా వైపు దాన్ని హర్రాజు అంటారు. మీలో చాలామందికి ఆయన ముఖం తెలిసుండదు. ఆ చుట్టుపక్కల ఎప్పుడైనా పంట అమ్ముకున్నవాళ్లయితే ఆ గొంతు మాత్రం విని ఉంటారు.

కోత పండుగ చూడనివాళ్ల కోసం ఒక మాట. పంట చేతికొచ్చాక ప్రతి ఇల్లూ తొలి ఫలం గుడికి తెస్తుంది. వరి పన, గుమ్మడికాయ, పసుపు కొమ్ములు, కోడిపుంజు, ఏమీ లేనివాళ్లు నాలుగు గుడ్లు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు. డబ్బు గుడికి పోతుంది. అగ్గువకు కొట్టేయాలని ఎవరూ పాడరు. కొన్నవాళ్లు అదే కాయను తిరిగి దేవుడికే ఇస్తే, అది మళ్లీ పాటకు వస్తుంది. ఒక్కోసారి ఒకే సొరకాయ సాయంత్రం దాకా చేతులు మారుతుంది.

మామ లవంగం బుగ్గన పెట్టుకుని, ముఖం కడుక్కుని వచ్చి నిలబడేవాడు. ధర చెప్పే ముందు ఆ వస్తువు ఎవరిదో చెప్పేవాడు. ఏ చెలకలో కాసింది, ఎవరు నీళ్లు పోశారు, ఈ ఏడు వాన ఎట్లా చేసింది. ఆ తరువాతే పాట. ఒకటోసారి, రెండోసారి అని, అక్కడ ఆగేవాడు. చాలాసేపు ఆగేవాడు. పిల్లలం మేము ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. ఆయన కళ్లు మెల్లగా మగవాళ్ల వైపు నుంచి ఆడవాళ్ల వైపు తిరిగి, చివరి చాప దాకా వెళ్లి వచ్చేవి. అప్పుడే మూడోసారి.

మా గుడిలో మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు కూర్చుంటారు. మధ్యలో లావుపాటి స్తంభాలు. ఒక ఏడు ఒక పుంజు మీద పాట ఎడతెగకుండా సాగింది. ఇటు నుంచి ఒక గొంతు, అటు నుంచి ఒక గొంతు, ఎవరూ తగ్గడం లేదు. జనం ఉత్సాహంతో ఊగిపోతున్నారు. మామ ఒక్కసారిగా చెయ్యెత్తి ఆపేశాడు. “స్తంభం పక్కకు జరిగి ఒకరి మొఖం ఒకరు చూసుకోండ్రి” అన్నాడు. చూస్తే వాళ్లు భార్యాభర్తలు. ఒకే ఇంటికి, ఒకే పుంజు కోసం, తెలియక పోటీ పడుతున్నారు. గుడంతా నవ్వు. ఆ భర్త మస్కట్ నుంచి అప్పుడే వచ్చాడు, భార్య గొంతు మరిచిపోయాడని ఏడాదంతా ఏడిపించారు. మామ మాత్రం నవ్వలేదు. పాటను వెనక్కి, వాళ్లిద్దరే మిగిలినప్పటి ధరకు తీసుకెళ్లి, అక్కడే ముగించాడు. గుడికి రాబడి తగ్గిందని ఎవరో గొణిగితే, “తెల్వక పాడింది పాట కాదు” అన్నాడు.

ఆయనకు ఇంకో నియమం కూడా ఉండేది. పాట పెట్టేవాడి ఇంటివాళ్లు పాడకూడదు. ఇంకొకరి చేత పాడించుకోనూ కూడదు. ఒక ఏడు ఎవరో బొచ్చెడు పిల్లలతో ఒక నాటుకోడిని తెచ్చారు. అత్తమ్మకు దాని మీద మనసైంది. కళ్లతోనే అడిగింది. మామ కళ్లతోనే వద్దన్నాడు. ఆ కోడి పక్క ఊరికి పోయింది. “ఊరంత మందితోని నోరు తెరిపిస్తడు, ఇంటిదాని నోరు మాత్రం కుట్టిండు” అని అత్తమ్మ వచ్చినవాళ్లకల్లా చెప్పేది. చెబుతూ చాయ పోసేది. అంత పెద్ద నోరున్న మనిషి కూరగాయల అంగట్లో మాత్రం బేరమాడేవాడు కాదు. అత్తమ్మ బెండకాయల దగ్గర మొదలుపెట్టగానే నాలుగు దుకాణాల అవతల నిలబడి ఆకాశం చూసేవాడు.

నేను క్లాసులో చెప్పేది చరిత్ర. సెలవుల్లో వెళ్లినప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని, ఆయన చేసిన పని ఎక్కడి నుంచి వచ్చిందో నేను చదివింది చెప్పేదాన్ని. వాళ్ల నాయన కాలంలో వేలం లేదని ఆయన చెప్పాడు. వ్యాపారి, రైతు రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారట. పక్కనున్నవాడికి తెలిసేది కాదు. ఒక రాశికి ఒక ధర, పక్క రాశికి ఇంకో ధర. యార్డు వచ్చాక ధర రుమాలు కింద నుంచి బయటికి, గాలిలోకి వచ్చింది. “గట్టిగ చెప్పిన ధర అందరిది అయితది బిడ్డా. అప్పుడు రైతు ఇయ్యనని కూడా అనొచ్చు” అనేవాడు. తరువాత కంప్యూటర్లు వచ్చి, వ్యాపారులు ఒకరికొకరు తెలియకుండా ఫోన్లలో ధర కొట్టడం మొదలైంది. ఆయన కొలువు పోయింది ఆ మార్పులోనే. తిడతాడనుకున్నాను. మళ్లీ రుమాలే వచ్చింది కానీ చివరికి దాన్ని తీసి అందరికీ చూపిస్తున్నారు, పర్వాలేదులే అన్నాడు.

హర్రాజు అరబ్బు దేశాల మాట అని చెబితే నమ్మలేదు. గల్ఫ్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేయించాడు. అక్కడ పాత కార్లు అమ్మే మైదానాన్ని ఇప్పటికీ దాదాపు ఆ పేరుతోనే పిలుస్తారని వాడు చెప్పాక, చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. హాలెండు పూల మార్కెట్లో ధర పైనుంచి కిందికి దిగుతుందని, మొదట ఆపినవాడిదే పువ్వు అని చెబితే, తల అడ్డంగా ఊపాడు. అట్లయితే పక్కవాడు ఏమన్నాడో వినే పనే లేదు కదా అన్నాడు.

అన్నీ సంతోషపెట్టే సంగతులు కావు. రోమన్లు యుద్ధంలో దోచిన సొమ్మును, నేలలో బల్లెం పాతి దాని పక్కన అమ్మేవారు. బాబిలోనులో పెళ్లీడు ఆడపిల్లలను వేలం వేసేవారని ఒక పాత గ్రీకు చరిత్రకారుడు రాశాడు. అది నిజమో కాదో తేలలేదు కానీ, తరువాత ఎన్నో శతాబ్దాలు ఓడరేవుల్లో మనుషులను నిలబెట్టి పాట పాడింది మాత్రం నిజం. మర్నాడు పొద్దున బావి దగ్గర, నేను అడగకుండానే మామ అన్నాడు: “వాళ్లు పేరు చెప్పకుంట అమ్మిండ్రు. అందుకే ముందుగాల పేరు చెప్పాలె.” ఆ జవాబు సరిపోతుందా? నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ ఆయన గుమ్మడికాయకు కూడా ఊరూ పేరూ ఎందుకు చెప్పేవాడో ఆ రోజు అర్థమైంది.

గుడి కమిటీ వేలం ఆపేద్దామని ఆలోచిస్తోందని తెలిసింది అప్పుడే. మామకు ఆయాసం ఎక్కువైంది, వేరేవాళ్లకు రాదు. పైగా ఉన్నవాళ్లు పాడుతుంటే లేనివాళ్లు చిన్నబోతున్నారు, అందరూ డబ్బు కవరులో వేసి ఇస్తే సరిపోతుందని అయ్యగారి ఉద్దేశం. మా పాస్టరుగారిని అందరూ అయ్యగారు అనే అంటారు. చిన్న వయసు, మంచి మనిషి. ఆయన మాటలో న్యాయం లేదని నేను అనలేకపోయాను. మామ కూడా వాదించలేదు. తనతోనే అది పోకూడదన్న ఆశ మాత్రం ఆయన కళ్లలో కనిపించేది. ఒక సాయంత్రం నన్ను అడిగాడు.

“నువ్వు పెడుతవా పాట?”

నాకు గొంతు లేదన్నాను. ఇది మంచి పనో కాదో కూడా నాకు తేలడం లేదన్నాను.

“తేలనోళ్లే పెట్టాలె. అన్నీ తెలిసినోడు రెండోసారి కాడ ఆగడు, ఉరుకుతడు.”

వేసవంతా అరుగు మీద నేర్పాడు. సరుకు సొరకాయ, డబ్బు చింతగింజలు, పాడేవాళ్లు మామా అత్తమ్మా. గొంతు కంటే ఆగడమే కష్టం. నేను నిశ్శబ్దాన్ని భరించలేక మూడోసారి అనేసేదాన్ని. “అప్పుడే అయిపాయెనా? వెనకున్న ముసలామె ఇంక కొంగుముడి ఇప్పనే లేదు” అనేవాడు. అప్పుడు చెప్పాను, ఇంగ్లండులో ఒకప్పుడు కొవ్వొత్తి ముక్క వెలిగించి పాట మొదలుపెట్టేవారని, మంట ఆరే ముందు ఆఖరి మాట ఎవరిదైతే సరుకు వాళ్లదని. ఆయనకు ఎంత నచ్చిందో. వెంటనే ఒక ముక్క తెప్పించి అరుగు మీద వెలిగించాడు. ఆ మంట ఆరేదాకా అత్తమ్మ ఆయన మీద చింతగింజలు పెంచుతూనే పోయి, సొరకాయ గెలిచింది.

“పాడినవు గద, కడుపు నిండిందా?” అన్నాడు మామ.

“ఇంట్ల పాడితే అది పాటనా?” అంది ఆమె.

ఆయన పోయాక, ఈ ఒక్క ఏడు చూద్దామన్నారు అయ్యగారు. నిలబడితే ఉంచుదాం, లేకపోతే వచ్చే ఏటి నుంచి కవర్లు. ఆ మాట ఆయన దయతోనే అన్నారు.

పండుగ నాడు లవంగం బుగ్గన పెట్టుకుని నిలబడ్డాను. మొదటి వరి పనకే గొంతు జీరపోయింది. “మేడమ్, హాజరు తీసుకుంటున్నవా, పాట పెడుతున్నవా?” అని మగవాళ్ల వైపు నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ నవ్వుతో కొంచెం దారిలో పడ్డాను. పేర్లు చెప్పాను, చెలకలు చెప్పాను. కొన్ని తప్పు చెబితే ఆడవాళ్లు దిద్దారు. పసుపు పోయింది, గుడ్లు పోయాయి. కొన్ని పాటలు మరీ తొందరగా ముగించానని నాకే తెలుస్తోంది. అయ్యగారు వెనక బెంచీ మీద కూర్చుని చూస్తున్నారు. ఏమనుకుంటున్నారో ముఖంలో తెలియడం లేదు.

చివరగా అత్తమ్మ ఒక గుమ్మడికాయ తెచ్చి బల్ల మీద పెట్టింది. మక్కల కొట్టం మీదికి పాకిన తీగది. విత్తు పెట్టింది మామ, కాయను ఆయన చూడలేదు. “ఇది...” అని ఆగిపోయాను. ఎవరిదో చెప్పలేకపోయాను. చెప్పాల్సిన పనీ లేకపోయింది. చేతి సంచిలో అరుగు మీద వాడగా మిగిలిన కొవ్వొత్తి ముక్క ఉంది. దాన్ని కాయ పక్కన వెలిగించి, మంట ఆరేదాకా ఎవరైనా పాడవచ్చని చెప్పాను. ఇద్దరు ముగ్గురు పాడారు. మళ్లీ నిశ్శబ్దం. ఈసారి తొందరపడటానికి నాకు వీలే లేదు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి అత్తమ్మ లేచి నిలబడింది. “నేను పాడుత” అని తన ధర చెప్పింది.

ఒక పెద్దాయన, “పాట పెట్టెటోళ్ల ఇంటోళ్లు పాడొద్దు గదా అక్కా” అన్నాడు.

“ఈసారి పెట్టెటిది నా మొగడు కాదు.” నా వైపు వేలు చూపించింది. “గీమె కరీంనగర్‌ల వండుకుంటది. నా పొయ్యి వేరే.”

మామ ఉంటే ఒప్పుకునేవాడా? ఏమో. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను ఆమె ధరను గట్టిగా, గుడంతా వినేలా చెప్పాను. జాలిపడి ఊరుకుంటారనుకున్నాను. ఊరుకోలేదు. మస్కట్ ఆయన స్తంభం పక్కకు జరిగి, ఆడవాళ్ల వైపు తొంగిచూసి, “ఆయన కాయ అంత అగ్గువకు పోతదా అక్కా?” అంటూ పెంచాడు. అత్తమ్మ ఇంకా పెంచింది. చివరి చాప నుంచి ఒక ముసలామె కొంగుముడి విప్పుతూ, ఆగుమన్నట్టు చెయ్యి ఊపింది.

కిటికీలోంచి గాలి వచ్చి మంట ఒక పక్కకు వంగింది. వెనక బెంచీ మీది నుంచి అయ్యగారు లేచి, చప్పుడు కాకుండా వెళ్లి కిటికీ తలుపు మూశారు. మంట నిటారుగా నిలబడింది. అత్తమ్మ కూడా కూర్చోలేదు.