బండెక్కాల్సిన మూట

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. శ్మశానం వెనక వీధిలో పదేళ్ళు కాపురం చేశాను. అక్కడ నన్ను పట్టి పీడించింది దోమలే. నేను చదివింది ఐదో తరగతి. కానీ చూసింది చూసినట్టు గుర్తుపెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇదీ అలాగే రాస్తున్నాను.

పుదుచ్చేరిలో మూలకుళం మాది. రెండు వీధుల అవతల మా చెల్లెలు వసంత ఇల్లు. ఆమె భర్త, అంటే మా మరిది గోవిందసామి, పెళ్ళికీ చావుకీ పందిళ్ళు వేసేవాడు. ఊళ్ళో అందరికీ పందిరి సామి. రెండేళ్ళ కిందట ఒక ఉదయం గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

అప్పటి నుంచి వసంత మా ఇంటికి తప్ప ఎక్కడికీ పోయేది కాదు. అదీ నేను వెళ్ళి వెంటబెట్టుకుని వస్తేనే. కూరగాయలు కూడా వాకిట్లోకి వచ్చిన బండి దగ్గరే. ఇంకా యాభై నిండలేదు, మాట మాత్రం ముసలివాళ్ళకంటే సన్నగిల్లిపోయింది.

సామికి ఒక కోరిక ఉండేది. ఒకసారి కల్వరాయన్ కొండల్లో గుడి తిరునాళ్ళకు పందిరి వేయడానికి పోయి, అడవిలో ఒక ఊట చూసి వచ్చాడు. రాతి సందులోంచి ఎండాకాలంలో కూడా నీళ్ళు ఊరుతూనే ఉంటాయట. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"ఒక సీసాలో పట్టుకొని రాగూడదా?" అంది వసంత.

"సీసాలోకి వస్తే అది ఊటనీళ్ళు గాదు, ఉత్తనీళ్ళు. నువ్వే వచ్చి తాగాల," అన్నాడు సామి.

ఇద్దరూ అక్కడ ఒక రాత్రి ఉండాలని, పందిరి కాన్వాసుతో తనే చిన్న డేరా కుట్టాడు. గుంజలు, గూటాలు అన్నీ చేర్చి మూట కట్టి అటక మీద పెట్టాడు. పది రోజులకే పోయాడు.

పందిరి పనివాళ్ళకు ఒక పద్ధతి ఉంది. సామాను లెక్క సరిపోయాకే మూటకు ముడి వేస్తారు. ముడి పడిందంటే ఆ మూట ఆ రోజే బండెక్కాలి. ఇంట్లో ఉంచకూడదు. జీవితమంతా ఆ పద్ధతి పాటించిన మనిషి తన సొంత మూటకే తప్పాడు.

కిందటేడు వానలు తగ్గాక మా అమ్మాయి దీప, చిన్నమ్మను ఆ ఊట దగ్గరికి తీసుకుపోయి తీరాలని పట్టుబట్టింది. ఆఫీసు నుంచి వచ్చి రోజూ ఫోనులో దారులు వెతికేది. అడవి అంచున ఒక రైతు తన చేనులో డేరా వేసుకోనిస్తానన్నాడు. ఊట అక్కడికి అరగంట నడక. కారు నడపడానికి అల్లుడు ఒప్పుకున్నాడు. జలగలకు ఉప్పు, టార్చీలు, చాపలు అని జాబితా రాస్తూ, "టెంటు బాడుగకు తెద్దామా అమ్మా?" అంది.

"నలుగురు మనుషులకి టెంటెందుకే? ఎవురి పెండ్లి?" అన్నాను. టెంటంటే నాకు తెలిసింది షామియానాయే.

దీప పడీపడీ నవ్వింది. ఆ నవ్వులోనే నాకు అటక మీది మూట గుర్తొచ్చింది.

మూడు సాయంత్రాలు అడిగితే వసంత చివరికి "చూస్తాంలే అక్కా," అంది. ఆమె నోట అది చాలా పెద్దమాట. ఆ సంతోషంలోనే నేను తప్పు చేశాను.

మర్నాడు పొద్దున వాళ్ళింటికి పోయి, వసంత కాఫీ పెడుతుండగా స్టూలెక్కి మూట దించాను. సామి ముడి సంగతి పనివాళ్ళందరికీ తెలుసు. ఏ కొస లాగాలో తెలిస్తే ఒక్క లాగుకు ఊడుతుంది. తెలియకపోతే పళ్ళతో పీకినా రాదు. నేను కాసేపు తంటాలు పడి, విసిగి, కత్తి తీసుకుని ముడి పక్కన తాడు కోసేశాను. ముడిని గోళ్ళతో గిల్లి గిల్లి విప్పదీశాను కూడా. మూట విప్పి లెక్క చూశాను. గుంజలు రెండు, గూటాలు పది, అన్నిటికంటే లోపల గుడ్డలో చుట్టిన చిన్న స్టీలు గ్లాసులు రెండు.

తలెత్తితే వసంత కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆయన కట్టిన ముడి అదొక్కటే మిగిలుండెనక్కా."

అంతే అంది. సామి పోయాక పందిరి సామాను అమ్మేసినప్పుడు మిగతా మూటలన్నీ పోయాయని నాకూ తెలుసు. కోసేటప్పుడు తట్టలేదు. నేను ఏదో అనబోయాను. "మీరు పోయి రండి. నేను రాను," అని లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టాను. తాడు ముక్కలు రెండూ వాటి పక్కనే పెట్టాను. డేరాను మడిచి హాల్లో నేలమీదే ఉంచి, ముడి లేకుండానే వదిలి వచ్చేశాను.

ఆ మర్నాడు పది గంటలప్పుడు పోయి, బతిమాలి, వసంతను మా ఇంటికి భోజనానికి పిలుచుకొచ్చాను. తాళం నేనే వేశాను. చెవి నా నడుముకే ఉంది. మధ్యాహ్నం మా ఇంట్లో ఇద్దరం తిన్నాం. వసంత ఒక్కసారి కూడా కంటికి దూరం కాలేదు. మూడు గంటలకు తిరిగి వెళ్ళి తాళం తీశాం.

హాలు మధ్యలో మూట కట్టి ఉంది.

ముందు నేను చూసింది కిటికీ గట్టు. ఖాళీగా ఉంది. కిటికీ లోపలి గడియ వేసినట్టే ఉంది. మూట దగ్గర కూర్చుని చూస్తే, అదే తాడు. నా కత్తి కోసిన కొసలు రెండూ పీచులు లేచి, ముడిలోంచి బయటికి కనబడుతున్నాయి. ఆ రెండు ముక్కల్నీ కలిపి వేసిన ముడి అది.

"ఎల్లప్పన్నని పిలువక్కా," అంది వసంత.

ఎల్లప్పన్న సామి దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. జరిగింది చెప్పకుండా మూట మాత్రం చూపించాం. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండు వైపులా తిప్పి చూశాడు.

"సామి ముడే గదా ఇది. ఎడమచేతి కొస లోపలికి పోయింది చూడు. నాకు ఇరవై ఏండ్లు నేర్పించినాడు, రాలేదు. 'నీది చెయ్యా, దోసె తిప్పే గరిటా' అని తిట్టేవాడు." నవ్వాడు. అంతలోనే ముఖం మార్చి, "ముడి పడినాక ఇంట్లో పెట్టుకోగూడదని నీకు తెలీదా ఏంది, వసంతమ్మా? బండెక్కించు," అన్నాడు.

వసంత లేచి, బీరువా తెరిచి, రెండు చీరలు తీసి సంచిలో పెట్టుకుంది. దీపకు నేనే ఫోను చేశాను. సాయంత్రానికి మూట కారెక్కింది, తెల్లారి మేమూ బయలుదేరాం.

అడవి అంచున చేనులో దిగాక అల్లుడు ముడి విప్పబోయి, చేతకాక కత్తి అడిగాడు. నేను గట్టిగా వద్దన్నాను. వసంత వచ్చి వంగి, ఒక కొస పట్టుకుని లాగింది. ఒక్క లాగుకు ఊడిపోయింది.

"ఏ కొసో నీకు చెప్పినాడా?" అని అడిగాను.

"లేదక్కా. చెయ్యే దానంతటది అక్కడికి పోయింది," అంది.

గ్లాసులు ఎప్పటి గుడ్డలోనే, ఎప్పటిలాగే చుట్టి ఉన్నాయి. ఊట దగ్గర వసంత రెండూ నింపింది. ఒకటి తను తాగింది. రెండోది చాలాసేపు చేతిలో పట్టుకుని, తర్వాత నాకిచ్చింది. నీళ్ళు చల్లగా, కొంచెం ఆకు వాసనగా ఉన్నాయి. నేను ఒక్క చుక్క మిగల్చలేదు.

వసంత ఇప్పుడు మార్కెట్టుకు పోతుంది. చేపల ఆమెతో బేరమాడి గొడవ కూడా పెట్టుకుంటుంది.

వసంత ఇంటికి రెండో తాళంచెవి ఒకటి ఉండేది, సామి పోయిన రోజుల్లో ఎక్కడో పడిపోయింది. అది ఎవరికైనా దొరికి ఉండొచ్చని దీప అంటుంది. దొరికితే దొరికింది. ఏమీ ఎత్తుకుపోకుండా మూట కట్టి, తాళం వేసి పోయే దొంగ ఎవరమ్మా అని నేనంటాను.

తాడు ముక్కలు రెండూ వసంత నాకే ఇచ్చింది. తిరిగొచ్చాక ఒకరోజు ఎల్లప్పన్న, నేను ఆ డేరాను మళ్ళీ మడిచి, ఆ రెండు ముక్కలతోనే కట్టి చూశాం. ముడి సంగతి తర్వాత, కొసలే కలవలేదు. ఎంత బిగించి మడిచినా, మోకాలు పెట్టి నొక్కినా, జానెడు తక్కువ పడుతోంది.