హజరత్తయ్య మార్చిన ఆటగాడు

మైపాడు పక్క పల్లెలో హజరత్తయ్య గురించి ఒక మాట ఉండేది. పులుసులో ఉప్పు సరిపోయిందని భార్య అంకాలమ్మ ఒట్టు పెట్టి చెప్పినా ఆయన నమ్మడు, వేలు ముంచి నాకి చూస్తాడు. ఉప్పు దాకా అయితే ఫరవాలేదు. మనుషుల్ని కూడా అట్లాగే చూస్తానంటేనే చిక్కు.

ఆయన అలివి వలకు పెద్ద. పడవ వెళ్లి సముద్రంలో వలను చుట్టుగా దింపి వస్తే, ఒడ్డున పాతికమంది రెండు తాళ్లు పట్టి లాగుతారు. వాళ్లలో ఎవరు ఎప్పుడు తాడు వదలాలో, ఎవరు అందుకోవాలో చెప్పేది హజరత్తయ్యే. ఆయన మొహాలు చూసేవాడు కాదు, మడమలు చూసేవాడు. మడమ ఇసుకలోకి దిగితే మనిషి లాగుతున్నట్టు. మడమ పైకి లేచిందంటే తాడు పట్టుకుని వేషాలు వేస్తున్నట్టు. అలాంటివాణ్ణి భుజం పట్టి పక్కకు లాగి ఇంకొకణ్ణి నిలబెట్టేవాడు. ముప్పై ఏళ్లలో ఆ గురి తప్పింది లేదు.

వయసులో ఉండగా మూడేళ్లు మద్రాసు రేవులో మూటలు మోసి, వచ్చేటప్పుడు ఫుట్‌బాల్ పిచ్చి అంటించుకొచ్చాడు. వల లాగేవాళ్లలోనే పదకొండు మందిని పోగేసి జట్టు కట్టాడు. అందులో గట్టివాడు చెల్లెలి కొడుకు మస్తానయ్య. తల్లి పోయాక అంకాలమ్మ చేతి ముద్ద తిని పెరిగినవాడు. పిల్లల్లేని హజరత్తయ్యకు ఒకటే ఆశ, తన తరవాత వల పెద్దరికం వాడికి అప్పజెప్పాలని. ఆ మాట వాడితో మాత్రం ఎన్నడూ అనలేదు. అంటే నెత్తికెక్కుతాడని అనుమానం!

అరవై మూడు వేసవిలో వాకాడు జట్టుతో పందెం పడింది. మస్తానయ్య అక్క పేరమ్మ మెట్టినిల్లు వాకాడే. ఆట చూడ్డానికి ఆమె పొద్దున్నే వచ్చింది. పడవ చాటున అక్కాతమ్ముళ్లు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడడం హజరత్తయ్య కంట పడింది. ఆయన్ని చూడగానే పేరమ్మ కొంగు చివర ఏదో ముడివేసి దోపుకుంది. ఇంకేం కావాలి! అనుమానం పెనుభూతం అన్నారు. అత్తింటి ఊరు గెలవడం కోసం తమ్ముణ్ణి మెత్తబరుస్తోందని అక్కడికక్కడే తేల్చేసుకున్నాడు.

ఆ రోజుల్లో ఆట నడుమ మనిషిని మార్చడమే అరుదు. రెండు ఊళ్ల పెద్దలు కూర్చుని, జట్టుకు ఒక్కణ్ణి, ఒక్కసారి మార్చుకోవచ్చని ఒప్పుకున్నారు. ఆ ఒక్క మార్పునూ చివరి పది నిమిషాల దాకా దాచుకోవాలి, అప్పటిగ్గాని ఎవడి పస ఎంతో తెలీదు అని జట్టుకు నూరిపోసింది హజరత్తయ్యే. ఆరోజు ఆట మొదలై ఇరవై నిమిషాలు కాలేదు, ఆయన చూపు మస్తానయ్య కుడి మడమ మీదే నిలిచిపోయింది. అది నేలకు ఆనడం లేదు. మునివేళ్ల మీద పరిగెత్తుతున్నాడు, అందాల్సిన బంతులు రెండు వదిలేశాడు. ఇంకాసేపు చూద్దామని పక్కనున్న, తనతో వల లాగే పెంచలయ్య నచ్చజెప్పబోయాడు. వీడికీ వాకాడులో చుట్టాలున్నారని గుర్తొచ్చి హజరత్తయ్య మరింత బిగుసుకున్నాడు.

"బయటికి రారా. మీ అక్క పెట్టిన కూడు కాళ్లకు అడ్డం పడతా ఉండాది," అన్నాడు, ఒడ్డునున్న జనమంతా వినేట్టు.

మస్తానయ్య బనీను విప్పి ఇసుక మీద పెట్టి వెళ్లిపోయాడు. వాడి బదులు ఆదెయ్య దిగాడు. ఆట ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా హజరత్తయ్య జట్టు గోల్ కీపర్ చెయ్యి విరిగింది. మార్చడానికి అవకాశం అయిపోయింది. వాకాడువాళ్లు వరసగా రెండు గోల్స్ కొట్టి గెలిచారు.

సాయంత్రం పేరమ్మ ఇంటికొచ్చి కొంగు ముడి విప్పింది. వేలెడంత జెల్ల చేప ముల్లు, చివర నల్లగా నెత్తురు. పొద్దున పడవ చాటున తమ్ముడి మడమలోంచి తీసిందట. మామకు చెప్పమంటే వాడే వద్దన్నాడట. హజరత్తయ్య పంచలో గోడకానుకుని కూర్చున్న మస్తానయ్య దగ్గరికి పోయి వాడి పాదం చూశాడు. బూరెలా పొంగి ఉంది.

"ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే నమ్ముంటావా మామా?"

నమ్మి ఉండడు. సాకులు చెబుతున్నాడనే అనుకుని ఉండేవాడు. అది వాడికీ తెలుసు, ఆయనకూ తెలుసు.

మర్నాడు మస్తానయ్య అక్కతోపాటు వాకాడు వెళ్లిపోయాడు. అంకాలమ్మ ఏడ్చి పట్టుకున్నా ఆగలేదు. అక్కడే వలలో చేరాడు. మరుసటి వేసవికి వాకాడు జట్టులో దిగి, పుట్టిన ఊరి మీదే రెండు గోల్స్ కొట్టాడు. ఊళ్లోవాళ్లంతా హజరత్తయ్య చుట్టూ చేరి, ఆయన చూపే చూపని మెచ్చుకున్నారు.

"నువ్వు పోయినేడే కనిపెట్టినావు గదన్నా, వాడు వాళ్ల మనిషని," అన్నాడు పెంచలయ్య.

"కాదురా. వాడు మనోడే. నేనే వాళ్లకు ఇచ్చి పంపించినా."

పెంచలయ్య నమ్మలేదు. ఎంతైనా మేనల్లుడు గదా, వెనకేసుకొస్తున్నాడు అనుకున్నాడు.