బజ్జీల నూనె తాగిన రంపం

నేను పాత చైన్ సాలు, అంటే చెట్లు కోసే ఇంజన్ రంపాలు, బాగు చేస్తాను. ఉద్యోగం అది కాదు. ఉద్యోగం అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో, ఒక ఆఫీసులో, కంప్యూటర్ ముందు. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, ఇక్కడికొచ్చాక ఎమ్మెస్ కూడా అదే. చదివిన చదువుకీ చేసే ఉద్యోగానికీ సంబంధం లేనివాళ్ళు మా అపార్ట్‌మెంట్లలో తలుపు తలుపుకీ ఉన్నారు కాబట్టి దాని గురించి ఎవరూ అడగరు. రంపాల గురించి మాత్రం అందరూ అడుగుతారు. ఎందుకు, ఎంతొస్తుంది, ప్రమాదం కాదా, పెళ్ళిసంబంధాల వాళ్ళకి ఏమని చెప్పాలి. నాలుగింటికీ నా దగ్గర జవాబులున్నాయి. చెప్పడం మానేశాను.

కాంప్లెక్స్‌లో ఒక గరాజ్ అద్దెకి తీసుకున్నాను. కారు బయట మంచులో ఉంటుంది, రంపాలు లోపల ఉంటాయి. అక్కడ పెట్రోలు ఉంచను, ఇంజన్ నడపను. అది కాంప్లెక్స్ వాళ్ళ నియమం, నా నియమం కూడా. ఏ రంపం వచ్చినా ఒకటే వరసలో చూస్తాను: ముందు లాగే తాడు, తర్వాత స్పార్క్, తర్వాత సిలిండర్‌లో ఒత్తిడి, తర్వాత ఇంధనం దారి, చివరికి చైన్‌కి నూనె అందించే దారి. ఎంత తొందరున్నా ఈ వరస తప్పను. వరస లేకపోతే మనిషి తనకి ఏది నిజమైతే బాగుండునో దాన్నే ముందు వెతుక్కుంటాడు.

కిందటేడు ఒక తెలిసినవాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర నా పాత రూమ్మేట్ నన్ను అందరికీ పరిచయం చేశాడు. "వీడు ఎమ్మెస్ చేసింది చెట్లు కొట్టడానికండీ. హెచ్ వన్ వీసాలో ఆ కేటగిరీ ఉందో లేదో కనుక్కోవాలి." అందరూ నవ్వారు. నేను పులిహోర తింటున్నాను. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం నవ్వకుండా, చెట్లు కొడతావా, రంపాలు బాగు చేస్తావా, సరిగ్గా చెప్పు అన్నారు. బాగు చేస్తానన్నాను.

"అయితే నా దగ్గరొకటి ఉంది చూడు. చచ్చిపోయిందంటున్నారు. కనీసం శవపరీక్షయినా చెయ్యి."

ఆయన మత్తు డాక్టరు. గుంటూరులో చదువుకుని చాలా ఏళ్ళ క్రితం ఈ దేశం వచ్చారు, రిటైరయ్యారు. భార్య పోయాక, చెట్ల మధ్య వాలు మీదున్న ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. ఆ ఇల్లు కొన్న ఏడాదే కొన్నారట ఆ రంపం. చలికాలానికి కట్టెలన్నీ తనే కోసుకునేవారు. నేను వెళ్ళి చూసేసరికి దాని రంగు ఎక్కడికక్కడ లేచిపోయి, చేత్తో పట్టుకునే చోట లోహం నున్నగా మెరుస్తోంది. తాడు లాగితే అంగుళం కూడా కదల్లేదు. వాళ్ళబ్బాయి షాపుకి తీసుకెళ్ళాడనీ, లోపల ఇంజన్ పట్టేసింది, పారేయండి అన్నారనీ చెప్పారు. ఇంటి వెనక ఈదురుగాలికి పడిన మేపుల్ చెట్టు అడ్డంగా అలాగే పడి ఉంది. చెట్లు కొట్టే కంపెనీ వాళ్ళు రెండుసార్లు వస్తే గేటు దగ్గరే ఆయన వెనక్కి పంపేశారట.

"ముందు రంపం పోయిందన్నారు," అన్నారు ఆయన. "తర్వాత నిచ్చెన కనబడకుండా పోయింది. ఇప్పుడు, ఇంత ఇల్లు మీ ఒక్కరికీ ఎందుకు నాన్నా అంటున్నాడు మావాడు. ఎంతమంది పేషెంట్లకి ఇలా కొంచెం కొంచెంగా మత్తు ఎక్కించి ఉంటానయ్యా నేను? నాకు తెలీదా? నేను చెట్టు కొయ్యగలనా లేదా అన్నది తర్వాత. ఆ రంపం నిజంగా చచ్చిందా? అది చెప్పు చాలు."

నా గరాజ్‌కి తెచ్చుకుని వరస మొదలుపెట్టాను. తాడు రాలేదు కాబట్టి పట్టేసిందనే ఎవరైనా అంటారు. స్పార్క్ ప్లగ్ విప్పి, లోపలికి చిన్న లైటు పెట్టి చూశాను. సిలిండర్ గోడ అద్దంలా ఉంది. ఒక్క గీత లేదు. పిస్టన్ పట్టేస్తే అలా ఉండదు. అంటే ఇంజన్‌ని ఏదో బయటినుంచి పట్టుకుని ఉంది. చైన్ వైపు మూత ఊడబెరికాను. విప్పాను అనలేను, ఊడబెరికాను. లోపల తేనెరంగులో, ముదురుపాకంలా గడ్డకట్టిన జిగురు. చైన్ తన గాడిలో అతుక్కుపోయి ఉంది. చైన్‌ని తిప్పే డ్రమ్ము ఇంజన్‌కి అతుక్కుపోయి ఉంది. చైన్ కదలదు కాబట్టి డ్రమ్ము కదలదు, డ్రమ్ము కదలదు కాబట్టి ఇంజన్ కదలదు, ఇంజన్ కదలదు కాబట్టి తాడు రాదు. అంతే జబ్బు.

జిగురు మెత్తబడటానికి వేడిగాలి పట్టాను. గరాజ్ అంతా వాము వాసన. ఒక నిమిషం ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత ఆయనకి ఫోన్ చేసి, అంకుల్, ఈ రంపంలో మీరు ఏం నూనె పోసేవారని అడిగాను.

ఆయన చాలాసేపు నవ్వారు. ఆంటీ ఒకసారి బజ్జీలు వేసిన నూనెతో మళ్ళీ వండేది కాదట, అలాగని పారబొయ్యడానికి మనసొప్పేది కాదట. పాత పంచె ముక్కలో వడగట్టి ఒక డబ్బాలో పోసి ఉంచితే, ఈయన దాన్ని చైన్ నూనెగా వాడేవారు. అది పెద్ద తప్పు కూడా కాదు. కోస్తున్నంతకాలం ఆ నూనె బాగానే పని చేస్తుంది. కోయడం ఆపి, తుడవకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే గట్టిపడి జిగురవుతుంది. ఆవిడ పోయినప్పటినుంచీ ఆయన రంపం ముట్టలేదు. అమెరికాలో బిగుసుకుపోయిన రంపాలు ఎన్నో ఉంటాయి, వాము వాసనతో బిగుసుకుపోయింది మాత్రం ఇదొక్కటే అయి ఉండాలి.

భాగాలన్నీ కిరసనాయిల్లో నానబెట్టి బ్రష్షుతో కడిగాను. పెట్రోలు వెళ్ళే గొట్టం చేతిలో పొడి అయిపోయింది, కొత్తది వేశాను. కార్బురేటర్‌లో పల్చటి రబ్బరు పొర అప్పడంలా పెళుసెక్కింది, అదీ మార్చాను. ఆదివారం మా ఆఫీసు వెనక ఖాళీగా ఉండే పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి తాడు లాగాను. కొంత దగ్గి, తర్వాత అందుకుంది. ఆ శబ్దం గురించి వర్ణన రాయను. ఆడింది, అది చాలు.

ఆ సంగతి డాక్టరుగారికి చెప్పకముందే, రంపం నా దగ్గరుందని తండ్రి ద్వారా తెలిసి వాళ్ళబ్బాయి గరాజ్‌కి వచ్చాడు. యాభైకి దగ్గర మనిషి, ఇక్కడే పుట్టినవాడు. మర్యాదగా మాట్లాడాడు. షాపు సంగతి అబద్ధమని తనే చెప్పాడు, రంపాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళలేదట. నాన్న చేతులు వణుకుతున్నాయి, కిందటి చలికాలం మెట్ల మీద జారారు, ఒక్కరే ఉంటారు, పైగా ఆ పాత రంపానికి చైన్ బ్రేక్ లేదు, నేను చదివాను అన్నాడు. ఒక్కటి కూడా కాదనలేకపోయాను. అన్నీ నిజాలే.

"సో నువ్వు చెప్పు, అది పోయింది అని. అంతే. నీ మాట నమ్ముతారు నాన్న."

"నమ్ముతారు కాబట్టే చెప్పనండీ."

"ఆయనకి ఏమైనా అయితే?"

"నన్ను తిట్టండి. ఆడుతున్న మిషన్ని పోయిందని మాత్రం నాతో చెప్పించకండి."

"హీ ఈజ్ నాట్ యువర్ నాన్న," అన్నాడు.

అదీ నిజమే. అయినా చెప్పనన్నాను.

తర్వాతి శనివారం రంపం తీసుకుని వెళ్ళాను. అబ్బాయి అప్పటికే అక్కడున్నాడు. నేను కారు దిగీ దిగకముందే డాక్టరుగారు, బతికిందా అని అడిగారు. అసలు చావలేదు అంకుల్ అన్నాను. మరి షాపువాడు ఇంజన్ పట్టేసిందన్నాడే అన్నారు. తెలియదనొచ్చు. అది కూడా అబద్ధమే అవుతుంది. మీ అబ్బాయిని అడగండి అన్నాను.

అబ్బాయి నేల చూస్తూ, "షాపుకి తీసుకెళ్ళలేదు నాన్నా," అన్నాడు.

డాక్టరుగారు రంపం కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. చెప్పాల్సిన నిజంలో సగమే చెప్పాను, రెండో సగం మిగిలి ఉంది. దీనికి చైన్ బ్రేక్ లేదు, చైన్ తిరిగే ఈ బార్ కొన దేనికైనా తగిలితే ఎగిరి మొహం మీదికొస్తుంది, కొత్త రంపాలైతే ఆగుతాయి, ఇది ఆగదు అన్నాను. మీ చేతులు వణుకుతున్నాయి, ఇది మీ చేతికివ్వాలంటే నాకు భయంగా ఉందన్నాను.

"బాగు చేసి తెచ్చిందీ నువ్వే, భయమనేదీ నువ్వేనా? ఏదో ఒకటి చెప్పవయ్యా."

"రెండూ నిజమే అంకుల్."

ఆయనకి కోపమొచ్చింది. కోపంతోనే నేను తెచ్చిన హెల్మెట్ పెట్టుకున్నారు, కాళ్ళకి కట్టుకునే మందపాటి తొడుగు కట్టుకున్నారు. బకిల్స్ పెట్టడం రాకపోతే అబ్బాయి వంగి పెట్టాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మానుకి ఏ వైపు నిలబడాలో, కొన ఎటుండాలో నేను చెప్పాను. ఆయన విన్నారు. తాడు మాత్రం తనే లాగారు.

మొదటి ముక్క శుభ్రంగా తెగింది. పొట్టు ఆయన బూట్ల మీద కుప్పగా పడింది. రెండో కోత సగంలో మోచేతులు కిందికి జారడం చూశాను. అబ్బాయీ చూసి ఒక అడుగు ముందుకేశాడు. నేను అడ్డంగా చెయ్యి పెట్టాను. ఎంత ధైర్యంతో పెట్టానో తెలియదు. ఆయన ట్రిగ్గర్ వదిలారు, బార్ వెనక్కి తీశారు, స్విచ్ ఆపారు, రంపాన్ని నేల మీద పెట్టారు. మాను మీద కూర్చుని హెల్మెట్ తీసి అబ్బాయి వైపు తిరిగారు.

"నేనే ఆపాను. చూశావుగా? నువ్వు ఆపలేదు, నేను ఆపాను."

అబ్బాయి తల ఊపాడు. మిగతా చెట్టు నేను బ్రేక్ ఉన్న నా రంపంతో కోశాను. ఎక్కడ కోయాలో ఆయన కూర్చునే చెప్పారు, కొన్నిచోట్ల తప్పుగా కూడా చెప్పారు. పాత రంపాన్ని తుడిచి తన గరాజ్‌లోనే పెట్టమన్నారు. పెట్టాను. తాళం వెయ్యలేదు.

నా పాత రూమ్మేట్‌కి ఈ సంగతి ఎలాగో తెలిసింది. పెద్దవాళ్ళ విషయంలో ఒక చిన్న అబద్ధం చెప్తే నీ సొమ్మేం పోయిందిరా అన్నాడు. ఆ మాట తర్వాత చాలామంది అన్నారు. ఆయన పడిపోయి ఉంటే ఏం చేసేవాడివని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆ ప్రశ్న నన్ను నేను వాళ్ళకంటే ఎక్కువసార్లు అడిగాను. అడిగిన ప్రతిసారీ భయమేసింది. జవాబు మాత్రం మారలేదు.

వాళ్ళబ్బాయి ఈ వారం ఫోన్ చేశాడు. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. నాన్న కార్ డ్రైవ్ చేయడం మీద మళ్ళీ గొడవైందట, ఎవరి మాటా విననని, నువ్వు చెప్తే వింటానన్నారట. "ఇప్పుడు ఏం చెప్తావు?" అన్నాడు. పక్కన కూర్చుని చూడకుండా చెప్పలేనన్నాను. డ్రైవ్ చేయకూడదనిపిస్తే ఆ మాట కూడా అంటావా అన్నాడు. అంటానన్నాను.

డాక్టరుగారికి నేనే ఫోన్ చేశాను. ఆదివారం మీ పక్క సీట్లో కూర్చుంటాను అంకుల్, హైవే ఎక్కుదాం, రివర్స్ చేద్దాం, వానొస్తే వానలో కూడా చూద్దాం, ఏం కనబడితే అదే చెప్తాను, మీకు నచ్చకపోవచ్చు అన్నాను.

"చెప్పు," అన్నారు. "కానీ వాడికి కాదు. ముందు నాకు చెప్పు."