ఆమె దించుకున్న శ్రుతి

ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తల్లో నేను అక్కడ కార్గోలో పనిచేస్తూ శంషాబాద్‌లో కిరాయికి ఉండేవాణ్ణి. ఆదివారాలు తొండుపల్లి దగ్గర రేకుల షెడ్డులో నడిచే మా చిన్న క్రైస్తవ సంఘంలో కీబోర్డు వాయించేవాణ్ణి. వాయించేవాణ్ణి అనడం కూడా ఎక్కువే. నాకు వచ్చింది తెల్ల మెట్లు మాత్రమే, నల్లవాటి జోలికి పోయేవాణ్ణి కాదు. పాడేవాళ్ళ శ్రుతి ఎక్కడున్నా సరే, కీబోర్డు మీదున్న చిన్న బటన్ నొక్కితే నా తెల్ల మెట్లే ఆ శ్రుతిలో పలికేవి. ఈ గుట్టు తెలియని సంఘం నన్ను నెత్తిన పెట్టుకుంది. నా డ్యూటీని బట్టి ఆరాధన టైము మార్చుకునేవారు. మొదటి చాయ్ నాకే. "అన్న వేళ్ళల్ల దేవుడున్నడు" అని ఒక పెద్దాయన అంటుంటే వద్దనకుండా నవ్వేవాణ్ణి. ఎప్పుడైనా తప్పు వాయించినా, షెడ్డు మీదుగా విమానం పోతే ఎవరికీ వినపడేది కాదు.

గుట్టు ఎరిగింది పాటలు ఎత్తుకునే అక్క ఒక్కతే. ముందు ఒక లైను ఆమె ఒంటరిగా పాడేది. ఈలోపు నేను బటన్ సరిచేసుకొని అందుకునేవాణ్ణి. ఆమెది దగ్గరి ఊళ్ళో వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం. ఆమె సంఘంలో చేరినప్పటి నుంచి పుట్టింటివాళ్ళు రాకపోకలు తగ్గించారు.

ఒక క్రిస్మస్‌కు ఆమె తల్లి మొదటిసారి వచ్చింది. "ఒక్క పాట ఇని పోతనన్నది అన్నా. జర మంచిగ వాయించు" అని అక్క నాకు ముందే చెప్పింది. తల్లి వెనక వరసలో, లేచిపోవడానికి వీలుగా తలుపు పక్కనే కూర్చుంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పాస్టరుగారు మూలనున్న పాత హార్మోనియం తెప్పించి నా ముందు పెట్టించారు. దానికి బటన్ లేదు. అక్క ఎప్పటిలాగే తన పైగొంతులో లైను ఎత్తుకుంది. నేను మెట్ల మీద తడుముకున్నాను. దొరికిందనుకొని నొక్కినప్పుడల్లా వేరే స్వరం మూలిగింది. పాస్టరుగారు గట్టిగా "స్తోత్రం" అన్నారు, జనం చప్పట్లు పెంచారు. ఒక్క విమానం పంపమని దేవుణ్ణి వేడుకున్నంతగా ఆ షెడ్డులో నేనెన్నడూ దేనికీ వేడుకోలేదు. రాలేదు.

అక్క నా వైపు చూసింది. పాట ఆపి, నేను నొక్కి పట్టుకున్న తెల్ల మెట్టును విని, దాని శ్రుతికి దిగి మళ్ళీ మొదలుపెట్టింది. అది ఆమె గొంతుకు బాగా కింద. చరణాల్లో మాటలు గొంతులోనే ఆగిపోయాయి, కొన్నిచోట్ల వట్టి గాలి వచ్చింది. ముందు వరసవాళ్ళు మొహాలు చూసుకున్నారు. నా వాయింపు మాత్రం శుభ్రంగా వినపడింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా వేళ్ళు ఆపలేదు. ఆపితే ఆమె ఇంకా ఒంటరిదయ్యేది.

ఆరాధన అయ్యాక బయట నా చేతికి చాయ్ ఇస్తూ పెద్దాయన అన్నాడు: "అక్క గొంతుకేమయిందో గని, కరెంటు లేకున్నా అన్న ఆపలే."

కాస్త అవతల అక్క తల్లితో, "జర జలుబు చేసిందమ్మా" అంటోంది.

దగ్గరికి వెళ్ళాను. హార్మోనియం పాతదని నోటిదాకా వచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు! మింగేసి, "జలుబు కాదమ్మా. ఆమె శ్రుతిల నాకు వాయించ రాదు. నా కోసమే దించింది" అన్నాను.

"ఎరుకే బిడ్డా" అంది ఆ తల్లి. "నాట్లేసేటప్పుడు గూడ గంతే. పక్కదాని గొంతు లేవకుంటె ఇది తన గొంతు దించుతుండె. ఈడికొచ్చి మారిపోయిందేమో అనుకున్న. మారలే."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు కూడా నాకే దక్కిన మొదటి చాయ్ ఇంకా చేతిలోనే ఉంది. తాగలేక అలాగే పట్టుకొని నిల్చున్నాను.